మంత్రసాని: పుట్టుకకు తొలి తోడు

జెడ్డా నగరమున అల్ అజీజియా అను పేట కలదు. భారతీయ పాఠశాలలో చదువుకొను పిల్లలు, వారి తల్లిదండ్రులు, చిన్న చిన్న దుకాణములు, ఇరుకైన వాటాల ఇండ్లు గల ఆ వీధులలో నడచునపుడు తెలుగు మాట చెవిని పడుట వింత కాదు. ఈ నగరమునకు ఒక ప్రాచీన ఐతిహ్యము ఉన్నది. మానవజాతికి ఆదిమాత యైన హవ్వా సమాధి ఇచ్చటనే యున్నదని తరతరములుగా జనులు చెప్పుకొనుచున్నారు. అరబ్బీ భాషలో జద్దా అనగా అవ్వ. అందుచేతనే నగరమునకు ఆ పేరు వచ్చినదని లోకులు నమ్ముదురు. పేరు వచ్చిన దారి ఏదైనను, అవ్వ పేరుగల ఊరిలో నివసించు తెలుగు ఇల్లాలు నెలలు నిండునపుడు మొదట తలచుకొనునది తన అవ్వనే. "ఇచ్చట వైద్యశాల ఉన్నది, యంత్రములున్నవి. కాని నా ప్రక్కన ఎవరుందురు?" అను ప్రశ్న ఆమె మనస్సున మెదలును.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. కోరంగి రేవున, చెన్నపట్నపు రేవున ఓడ ఎక్కిన మన పూర్వీకుల స్త్రీలు కూడ దానినే అడిగినారు. ఆనాడు దానికి సమాధానము మంత్రసాని. ఆమె ఎవరు, ఏమి చేసినది, ఎచ్చట తప్పినది, నేడు ఆమె స్థానమున ఎవరు నిలువవలెను అను విషయములను క్రమముగా విచారించుట ఈ పాఠము ఉద్దేశము.

పేరులోని అర్థము

తెలుగున మంత్రసాని అనియు, ఉర్దూ కలిసిన తెలంగాణపు వాడుకలో దాయి అనియు ఆమెను పిలిచినారు. అరబ్బీలో ఆమెకు ఖాబిలా అని పేరు. ఆ మాటకు స్వీకరించునది, ఎదురేగి అందుకొనునది అని అర్థము. మారిషస్ దీవిలో మన వారు విను ఫ్రెంచి మాట సాజ్ ఫామ్. దానికి వివేకవతి యైన స్త్రీ అని అర్థము. మలయా దేశమున బిడాన్ అందురు. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లున్నను పని ఒక్కటే: లోకములోనికి వచ్చుచున్న ప్రాణిని రెండు చేతులతో అందుకొనుట.

మన పెద్దలు దీనినే సామెతగా చెప్పినారు. మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలసినదే యని వారి మాట. నేడు దానిని పరిహాసముగా వాడుచున్నాము గాని అందులో గొప్ప ధర్మమున్నది. పని మొదలుపెట్టిన పిమ్మట రాత్రి యని, వాన యని, రక్తమని, మైల యని వెనుకకు పోరాదు. మంత్రసాని ముందర మర్మము దాచినట్లు అను మరియొక సామెత ఆమెపై కుటుంబమునకు గల నమ్మకమును తెలుపును.

ప్రాచీన శాస్త్రమున ఆమె స్థానము

సుశ్రుత సంహిత శారీరస్థానమున ప్రసవ సమయమునకు కావలసిన పరిచారికల లక్షణములు చెప్పబడినవి. వయస్సు మళ్ళినవారు, ప్రసవము చేయించుటలో నేర్పరులు, గోళ్ళు కత్తిరించుకొన్నవారు అగు నలుగురు స్త్రీలు గర్భిణి చెంత నుండవలెనని దాని సారాంశము. గోళ్ళ విషయము చిన్నదిగా కనబడును. కాని దాని విలువ ఎంతటిదో ఐరోపా ఖండము 19వ శతాబ్దమున ఎంతో దుఃఖము అనుభవించి తెలిసికొన్నది.

వియన్నా నగరపు పెద్ద వైద్యశాలలో రెండు ప్రసూతి విభాగములుండెను. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పనిచేయుచుండిరి. 1846లో విద్యార్థుల విభాగమున నూరుగురు తల్లులలో 11 మందికి పైగా మరణించగా, మంత్రసానుల విభాగమున ముగ్గురికంటె తక్కువ మంది మరణించినారు. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు ప్రసవములు చేయించుట ఇందుకు కారణమని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, 1847లో క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టినాడు. మరుసటి సంవత్సరమున ఆ విభాగపు మరణములు నూటికి ఒకటి రెంటికి దిగినవి. చదువు గొప్పదే, కాని శుభ్రమైన చేయి లేని చదువు ప్రాణము తీయును.

అరబ్బుల విజ్ఞానమునందును ఈ వృత్తికి గౌరవ స్థానము కలదు. 1377లో ఇబ్న్ ఖల్దూన్ రచించిన ముఖద్దిమాలో నాగరికతకు అవసరమైన వృత్తులను వర్ణించుచు, ప్రసవ సహాయమునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కేటాయించినాడు. అది సాధారణముగ స్త్రీల చేతిలోని విద్య యనియు, మానవజాతి నిలుచుటకు తప్పనిసరి యనియు అతని అభిప్రాయము.

ఓడలో, తోటలో

మారిషస్ దీవికి ఒప్పంద కూలీల రాక 1834లో ఆరంభమైనది. చెన్నపట్నము నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న నేటాల్ తీరమును చేరినది. ఫిజీ దీవులకు 1879లో లియోనిడాస్ ఓడ కలకత్తా నుండి వచ్చినది. చెన్నపట్నము నుండి ఆ దీవులకు నేరుగా ఓడలు వెళ్ళుట 1903లో మొదలై 1916 వరకు సాగినది. విశాఖపట్నము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల జనులు ఈ ప్రవాహములో కొట్టుకొనివచ్చినవారే.

తెరచాప ఓడలలో కలకత్తా నుండి ఫిజీ చేరుటకు రెండు నెలలు పైబడెడిది. అన్ని దినములలో గర్భిణికి నొప్పులు రాకుండునా? ఓడలలో బిడ్డలు పుట్టినారు, ఓడలలోనే మరణించినారు. ఓడకు వైద్యాధికారి యుండెడివాడు. కాని ఆయన పురుషుడు, పరభాష వాడు. మన స్త్రీ తన బాధను చెప్పుకొనగలిగినది తోడి స్త్రీకే. ఊరిలో ఉన్న కులభేదములు సముద్రముపై నిలువలేదు. నలుగురు బిడ్డలను కన్నది ఎవరో, కాన్పులు చూచినది ఎవరో, ఆమెయే ఆ క్షణమున మంత్రసాని.

తోటలలో కష్టము మరియొక విధమైనది. మారిషస్‌లో ఒక దినము పని మానినచో రెండు దినముల కూలి కోసివేయు 'డబుల్ కట్' పద్ధతి ఉండెను. ఆ దీవికి వచ్చిన స్త్రీలలో అనేకులు తాము ఒప్పందమున చేరక భర్తల వెంట వచ్చినవారు. ఫిజీలోనైతే స్త్రీలును ఒప్పందమునకు లోబడి చెరకు తోటలలో పనిచేసినారు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఓడనెక్కవలెనని నియమముండెను. కనుక తోట వరుసలలో తల్లి, అత్త, అక్క అని చెప్పుకొనదగినవారు కొందరే. పుట్టినిల్లు సముద్రమునకు ఆవల. పురుడు పోయవలసిన తల్లి అచ్చట, పురుటి నొప్పులు ఇచ్చట. ఆ లోటును పూరించినది వరుసలోని పెద్ద స్త్రీ. ఆమె నీరు కాచినది, నడుము పట్టినది, ధైర్యము చెప్పినది, బిడ్డకు తొలి స్నానము చేయించినది, బాలింతకు వాము, సొంఠి, మిరియము కలిపిన కాయము చేసి పెట్టినది. ప్రతిఫలముగా ఆమెకు దొరకినది ఒక చీర, చేటెడు బియ్యము. ప్రభుత్వ పత్రములలో కూలీల సంఖ్యలున్నవి, ఓడల పేర్లున్నవి, తోటల పేర్లున్నవి. ఆమె పేరు మాత్రము వ్రాయబడలేదు.

నేటాలులో ఒక ప్రసవము

మంత్రసాని కొరకు ఎదురుచూచిన గృహములలో ఒకటి చరిత్రకెక్కినది. 1900లో డర్బనులో కస్తూరిబాకు నాలుగవ కుమారుడు దేవదాసు జన్మించినాడు. నొప్పులు అకస్మాత్తుగా ఆరంభమైనవి. వైద్యుడు వెంటనే దొరకలేదు. మంత్రసానిని పిలుచుకొని వచ్చుటకు కొంత కాలము పట్టినది. అంతలో ప్రసవమునకు భర్తయే సాయపడవలసి వచ్చినది. అందుకు ముందే ఆయన గుజరాతీ భాషలో త్రిభువనదాసు అను వైద్యుడు తల్లుల కొరకు వ్రాసిన గ్రంథమును శ్రద్ధగా చదివియుండెను. ఆ చదువే ఆ సమయమున ఆయన చేతులకు ధైర్యమిచ్చినది. ఈ సంగతిని గాంధీ మహాత్ముడు తన ఆత్మకథలో స్వయముగా చెప్పుకొన్నాడు.

ఇందు మనకు రెండు పాఠములున్నవి. ప్రసవము స్త్రీల గొడవ యని పురుషుడు వాకిట కూర్చుండుట ధర్మము కాదు. ముందుగా తెలిసికొనియుండుట అతని విధి. రెండవది, బారిస్టరు ఇంటికే వైద్యుడు సమయమునకు అందనిచో తోట వరుసలలోని కూలివాని ఇంటికి ఎవరు అందియుందురు? అందినది మన మంత్రసానియే.

నిజము దాచరాదు

పూర్వులను గౌరవించుట యనగా వారి దోషములను కప్పిపుచ్చుట కాదు. మంత్రసాని నేర్పు అనుభవము వలన వచ్చినది. సూక్ష్మజీవుల సంగతి ఆమె ఎరుగదు. కొడవలితోనో, వెదురు బద్దతోనో బొడ్డు కోసి, దానిపై బూడిదయో పేడయో అద్దు అలవాటు అనేక ప్రాంతములలో ఉండెను. దానివలన ధనుర్వాతము సోకి ఎందరో శిశువులు వారము తిరుగకమునుపే మరణించినారు. బిడ్డ అడ్డము తిరిగినపుడు, రక్తస్రావము ఆగనపుడు ఆమె చేతిలో ఉపాయము లేకుండెను. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయించినవారును ఉన్నారు.

మరియొక దోషము ఆమెది కాదు, సంఘముది. తెలుగునాట ఈ పనిని తరచుగా మంగలి స్త్రీలకును, అంటరానివారని దూరముంచిన కులముల స్త్రీలకును అప్పగించినారు. బిడ్డను అందుకొన్న చేతులే పదునొకండవ దినమున శుద్ధి జరిగిన పిమ్మట అంటరాని వయ్యెను. ప్రాణము పోయు పనిని మైల పని యనిన సంఘము, ఆ పని చేయువారికి చదువు చెప్పవలెనని తలచలేదు. శాస్త్రము ఆమె దరికి చేరకపోవుటకు ముఖ్య కారణము ఇదియే.

శిక్షణ వచ్చిన విధము

చెన్నపట్నమున 1844లో ప్రసూతి వైద్యశాల స్థాపించబడినది. 1854లో అచ్చట మంత్రసానులకు శిక్షణ ఆరంభమైనది. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా శారా కుగ్లర్ స్త్రీలకు, శిశువులకు వైద్యము చేయుచు 1898లో ఆ పట్టణమున వైద్యశాలను తెరచినది. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి స్త్రీ వైద్యులను, దాదులను తయారుచేయుటకు తోడ్పడినది. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులు, మంత్రసానుల నమోదుకు చట్టము వచ్చినది. 1937లో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ స్త్రీల విద్యకు, వైద్యమునకు, వృత్తి శిక్షణకు దారి చూపినది. మలేషియాలో 1966 నాటి చట్టము పల్లెలలోని బిడాన్‌లను తీసివేయక నమోదు చేసికొని తన క్రిందికి తెచ్చుకొన్నది. పాత చేతిని నరుకుటకంటె దానికి సబ్బు, చదువు ఇచ్చుట మేలని ఆ చట్టము గ్రహించినది.

ఈ కృషి వలన మార్పు వచ్చినది. 2015లో భారతదేశము తల్లులకు, నవజాత శిశువులకు వచ్చు ధనుర్వాతమును నిర్మూలించినట్లు ధ్రువీకరణ పొందినది. 2018–20 లెక్కల ప్రకారము లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు దేశమున 97 కాగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రెండు తెలుగు రాష్ట్రములలోను నూటికి 96 కంటె ఎక్కువ ప్రసవములు వైద్యశాలలలోనే జరిగినవి.

క్రొత్త చిక్కు

అయితే ఒక గుంట పూడ్చి మరియొక గుంట త్రవ్వినట్లయినది. అదే సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 ప్రసవములు కడుపు కోసి బిడ్డను తీసినవే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశమంతటికి కలిపి 21.5 మాత్రమే. అవసరమైనపుడు ఆ శస్త్రచికిత్స ప్రాణదానము. అవసరము లేనపుడు అది తల్లికి గాయము, కుటుంబమునకు అప్పు, తరువాతి కాన్పునకు ప్రమాదము. ఒకప్పుడు శస్త్రము అందక తల్లులు మరణించినారు. ఇప్పుడు శస్త్రము అనవసరముగా మీద పడుచున్నది. రెంటికిని మూలము ఒక్కటే: ప్రసవము సహజముగా సాగువరకు ఓపికతో కనిపెట్టి, సాగనపుడు వెంటనే వైద్యునికి అప్పగించగల నేర్పరి చెంత లేకపోవుట.

ఈ లోటు తీర్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2017లో ఫెర్నాండెజ్ వైద్యసంస్థ, యూనిసెఫ్‌ల సహకారముతో కరీంనగరమున నర్సులకు ప్రత్యేక ప్రసూతి శిక్షణ మొదలుపెట్టినది. ఆ శిక్షణ కాలము 18 నెలలు. 2018లో భారత ప్రభుత్వము దేశమంతటికి ఇట్టి సేవల మార్గదర్శకములు వెలువరించినది. ప్రపంచమున ఇంకను 9 లక్షల మంది ప్రసూతి సహాయకులు కావలెనని 2021 నాటి అంతర్జాతీయ నివేదిక లెక్కించినది. వీరి సేవలు అందరికీ పూర్తిగా అందినచో 2035 నాటికి తల్లుల మరణములలో మూడింట రెండు వంతులు తప్పింపవచ్చునని అందులోని అంచనా. 2023లో యునెస్కో ప్రసూతి సహాయ విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. మైల పని యని మన సంఘము పేరు పెట్టిన పనికి లోకము వారసత్వమని పేరు పెట్టినది.

అల్ అజీజియా అడుగు ప్రశ్న

మరల జెడ్డాకు వత్తము. ఇచ్చట కుటుంబముతో నివసించు తెలుగు ఉద్యోగి భార్యకు భీమా, వైద్యశాల ఉన్నవి. ఆమెకు కొరతపడునది తోడు. కొందరు పుట్టింటికి పోవుదురు, కొందరు తల్లిని పిలిపించుకొందురు. వీలుకానివారికి ప్రక్క వాటాలోని స్త్రీయే పెద్దక్క యగుచున్నది. తోట వరుసలలో జరిగినది ఇదియే కదా!

అయితే మరియొక వర్గమున్నది. కడప, గోదావరి ప్రాంతముల నుండి ఇంటి పనికై గల్ఫు దేశములకు వచ్చు స్త్రీలు. సౌదీ అరేబియాలో 2025 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చిన కార్మిక చట్ట సవరణ ఉద్యోగినికి 12 వారముల ప్రసూతి సెలవు ఇచ్చినది. కాని ఇంటి పనివారు ఆ కార్మిక చట్టమునకు వెలుపల నున్నారు. వారికి వేరు నియమావళి. పత్రములు సరిగా లేని స్త్రీ వైద్యశాల మెట్లెక్కుటకు భయపడును. భయపడి ఆలస్యము చేసిన ప్రతి గడియ ఆమె ప్రాణమునకు ముప్పు. మన పూర్వీకులు వ్రేలిముద్ర వేసిన ఒప్పందమును తలచుకొనువారికి ఈమె పరాయిది కాదు. ఆనాడు మన అవ్వకు తోడు నిలిచిన పేరులేని స్త్రీ ఋణమును తీర్చుకొను మార్గము, ఈనాడు ఈమెకు తోడు నిలుచుటయే.

ఇంటింట తెలిసియుండవలసినవి

గర్భము తెలిసిన నాటి నుండి ప్రసవము వరకు ఎనిమిది మారులైనను పరీక్ష జరుగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించినది. రక్తపోటు, రక్తహీనత, మూత్రము, బిడ్డ ఎదుగుదల చూపించుకొనవలెను.

ఈ గుర్తులు కనబడినచో గడియ యైనను ఆగరాదు: రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారుట, ముఖము చేతులు వాచుట, మూర్ఛ, జ్వరము, ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట, నొప్పులు 12 గంటలు దాటినను ప్రసవము కాకుండుట.

ప్రసవ సమయమున శుభ్రత ఐదు విధములు: చేతులు, ప్రసవించు చోటు, బొడ్డు కోయు పరికరము, కట్టు దారము, బొడ్డు కొన. బొడ్డుపై ఇంటి మందులు అద్దరాదు.

బిడ్డ పుట్టిన వెంటనే తుడిచి తల్లి రొమ్ముపై వెచ్చగా పరుండబెట్టవలెను. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టవలెను. అది బిడ్డకు తొలి రక్ష. ప్రసవానంతరము తల్లి బట్టలు త్వరత్వరగా తడిసిపోవుచున్నచో వెంటనే వైద్యుని పిలువవలెను.

సౌదీ అరేబియాలో అంబులెన్సునకు 997, తెలుగు రాష్ట్రములలో 108 సంఖ్యలను ఇంటి గోడపై వ్రాసియుంచుట మంచిది.

కాయము, వాము, నూనె మర్దన, బారసాల, తొట్టెల పాటలు మన సొత్తు. వైద్యుని సలహాతో పథ్యమును సరిచేసికొని వానిని నిలుపుకొనవచ్చును. విడువవలసినవి బూడిద, పేడ, మైల అను తిరస్కారము.

ముగింపు

ఓడ దిగిన మన పూర్వీకుల వంశము నేటికి నాలుగైదు తరములు సాగినదనిన, అందుకు మూలము ఆ తోటలలో సుఖముగా జరిగిన ప్రసవములు. ప్రతి వంశవృక్షము మొదట ఒక ఓడ పేరు వ్రాయుచున్నాము. దాని ప్రక్కన తొలి బిడ్డను అందుకొన్న స్త్రీ పేరును కూడ ఇంటి ముసలివారిని అడిగి వ్రాసికొనుడు. వారికి జ్ఞాపకమున్నంత వరకే ఆ పేరు బ్రదుకును. మన ఆడపిల్లలలో ఎవరైనను ప్రసూతి సహాయ విద్యను చదువగోరినచో అది తక్కువ వృత్తి యని ఆపక దీవించి పంపుడు. మే 5వ తేదీ అంతర్జాతీయ ప్రసూతి సహాయకుల దినము. ఆనాడు ఆ పేరులేని అవ్వలకు ఒక దీపము పెట్టుట మనకు తగిన పని.

అభ్యాసము

1. మంత్రసాని, ఖాబిలా, సాజ్ ఫామ్ అను పేర్ల అర్థములలోని పోలిక ఏమి?
2. సుశ్రుతుడు గోళ్ళ విషయము చెప్పుటకును, వియన్నాలో జరిగినదానికిని గల సంబంధమును వివరింపుడు.
3. ప్రసవమున ఆలస్యము చేయరాని గుర్తులు ఐదింటిని పేర్కొనుడు.
4. మీ కుటుంబమున ఇంటిలో పుట్టిన ఆఖరి బిడ్డ ఎవరు? ఆ బిడ్డను అందుకొన్నది ఎవరు? పెద్దలనడిగి వ్రాయుడు.